కొరియా కాగితం జర్మనీ చేరేదాకా

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా గురించి రెండు ముక్కలు చెప్పి విషయంలోకి వస్తాను. మావారు ఈ బ్యాంకులోనే పనిచేస్తారు. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం కడుతున్న రోజుల్లో ఆయనకు అనంతపురం బదిలీ అయింది. ఆ చుట్టుపక్కలకు కొరియా కుటుంబాలు వచ్చాయి. వాళ్లతో మాట్లాడేవాళ్లు కావాల్సి వచ్చింది. నేను కొరియన్ నేర్చుకున్నది అప్పుడే. మాటలతో మొదలైన పని మెల్లగా కాగితాల్లోకి దిగింది. ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది కొరియాలో చదువో పరిశోధనో పూర్తి చేసుకుని, అటునుంచి అటే జర్మనీ వెళ్తున్న మన తెలుగు పిల్లలు. డేజాన్‌లోనో సువాన్‌లోనో నాలుగైదేళ్లు ఉంటారు. ఈలోగా పెళ్లవుతుంది, ఒక బిడ్డ పుడుతుంది. తర్వాత మ్యూనిక్‌లోనో ఆఖెన్‌లోనో ఉద్యోగం దొరుకుతుంది. సామాను సర్దడం వారం రోజుల పని. కాగితాలు సర్దడం మాత్రం ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఆ అవస్థలో ఉన్నారని నాకు తెలుసు.

మీరు బ్యాంకు వాళ్లు కాబట్టి నా పని సగం తేలిక. కౌంటర్‌కు చెక్కు వస్తే మీరేం చూస్తారు? సంతకాన్ని మీ దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తారు. అతను ఆ డబ్బు న్యాయంగా ఇస్తున్నాడా, అప్పు తీరుస్తున్నాడా, కొడుకు ఒత్తిడి మీద ఇస్తున్నాడా, అది మీకు అనవసరం. సంతకం అతనిదేనా, అంతవరకే. అపోస్టిల్ అనే ముద్ర చేసే పని కూడా సరిగ్గా ఇదే. కాగితంలో రాసింది నిజమని అది చెప్పదు. దాని మీద సంతకం పెట్టిన అధికారి నిజంగానే అధికారి, ఆ ముద్ర నిజంగానే ఆ కార్యాలయానిది, అంతే చెబుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది 'అపోస్టిల్ వేయించాం కదండీ, ఇంకా ఎందుకు అడుగుతున్నారు' అని విసుక్కుంటారు. అడుగుతారు మరి. సంతకం సరిపోయింది, విషయం సరిపోవద్దా?

ఈ ముద్రకు పుట్టుక 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం. అంతకుముందు ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లాలంటే కింది అధికారి సంతకాన్ని పై అధికారి, ఆయన సంతకాన్ని విదేశాంగ శాఖ, ఆ శాఖ సంతకాన్ని అవతలి దేశపు రాయబార కార్యాలయం, ఇలా మెట్లు ఎక్కుతూ పోవాలి. ఆ మెట్లన్నీ తీసేసి ఒక్క చీటీ పెట్టారు. చతురస్రం, పక్కకు కనీసం 9 సెంటీమీటర్లు, లోపల 10 అంకెలు వేసిన గడులు. ఏ దేశంలో వేసినా పైన శీర్షిక మాత్రం ఫ్రెంచిలోనే ఉండాలి. అందుకే కొరియా కాగితం మీద ఫ్రెంచి ఎందుకుందని కంగారు పడకండి, ఉండాల్సిందే.

దక్షిణ కొరియాలో ఈ ఒప్పందం 2007 జులై 14న అమల్లోకి వచ్చింది. మన దేశంలో సరిగ్గా రెండేళ్ల ముందు, 2005 జులై 14న. ఇక్కడే మనవాళ్లు బోల్తా పడే చోటు ఒకటుంది. ఒప్పందంలో కొత్తగా చేరే దేశం మీద పాత సభ్యులు అభ్యంతరం చెప్పవచ్చు. చెబితే ఆ రెండు దేశాల మధ్య అపోస్టిల్ చెల్లదు. జర్మనీ కొరియా మీద అభ్యంతరం చెప్పలేదు. మన మీద చెప్పింది. కాబట్టి ఒకే కుటుంబం, ఒకే ఫైలు, అందులో డేజాన్ కాగితం ఒకటి, గుంటూరు పెళ్లి సర్టిఫికెట్ ఒకటి ఉంటే, మొదటిదాని మీద అపోస్టిల్‌కు జర్మనీలో విలువ ఉంది, రెండోదాని మీద మన విదేశాంగ శాఖ వేసిన అపోస్టిల్‌కు లేదు. మన కాగితం మీద వాళ్లకు అనుమానం ఉంటే వాళ్ల దౌత్య కార్యాలయం ద్వారా ఇక్కడ విచారణ చేయించుకుంటారు. ఏజెంటుకు డబ్బులిచ్చి జర్మనీ కోసం హైదరాబాదు కాగితాల మీద అపోస్టిల్ వేయించుకుని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ డబ్బు పోయినట్టే.

యూరప్‌లో ఒక దేశపు కాగితం ఇంకో దేశంలో అపోస్టిల్ లేకుండానే చెల్లుతుందట కదా అని కూడా అడుగుతారు. నిజమే. 2019 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలు తమలో తాము జనన, వివాహ పత్రాల వంటివాటికి ఆ వెసులుబాటు ఇచ్చుకున్నాయి. అది ఇంట్లోవాళ్ల మధ్య ఏర్పాటు. కొరియా కాగితానికి వర్తించదు.

ఇప్పుడు కొరియా కాగితం దగ్గరికి వద్దాం. జర్మనీలో జనన మరణాలు, పెళ్లిళ్లు నమోదు చేసే కార్యాలయాన్ని స్టాండెస్‌ఆమ్ట్ అంటారు. మన మునిసిపాలిటీలో జనన మరణాల విభాగం లాంటిది, కానీ దాని మాటకు ఉన్న బరువు చాలా ఎక్కువ. ఆ గుమస్తా 'జనన పత్రం తీసుకురండి' అంటాడు. అతని మనసులో ఉన్నది ఒక్క కాగితం: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లి, తండ్రి. కొరియాలో అలాంటి ఒక్క కాగితం లేదు.

అక్కడ ఒకప్పుడు హోజు అనే ఇంటి యజమాని పేరు మీద కుటుంబం మొత్తం ఒకే రిజిస్టరులో ఉండేది. యజమాని అంటే చాలామటుకు మగవాడే. తండ్రి పోతే తల్లి కాదు, కొడుకు యజమాని. మన రేషన్ కార్డులో కుటుంబ పెద్ద పేరు గుర్తు తెచ్చుకోండి, దానికి వందరెట్లు గట్టిది. ఆడవాళ్లు చాలా ఏళ్లు పోరాడారు. 2005 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పద్ధతి రాజ్యాంగానికి సరిపడదని తీర్పు చెప్పింది. 2008 జనవరి 1 నుంచి ఎవరి లెక్క వాళ్లది. ప్రతి మనిషి పేరున ఒక నమోదు, దాన్నుంచి అయిదు రకాల పత్రాలు. మనిషి పుట్టుక, మరణం చెప్పేది ఒకటి, దాన్ని మూల పత్రం అనుకోండి. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలను చెప్పేది రెండోది, కుటుంబ సంబంధ పత్రం. పెళ్లి చెప్పేది ఒకటి. దత్తత చెప్పేవి రెండు.

గమనించారా? పుట్టిన తేదీ, ఊరు మూల పత్రంలో ఉన్నాయి. తల్లిదండ్రులు అందులో లేరు, కుటుంబ సంబంధ పత్రంలో ఉన్నారు. కొరియా జాతీయుడైతే ఆ రెండూ తీసి, రెండింటికీ అపోస్టిల్ వేయించి, రెండూ అనువాదం చేయించి, రెండూ కలిపి పెడితేనే జర్మనీ దృష్టిలో ఒక జనన పత్రం అవుతుంది. ఒక్కటే పట్టుకెళ్లి వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. పైగా ప్రతి పత్రానికీ సంక్షిప్తం, సమగ్రం అని రూపాలున్నాయి. సంక్షిప్తంలో ప్రస్తుత సంగతే ఉంటుంది. పాత విడాకులు, పేరు మార్పులు సమగ్రంలోనే కనిపిస్తాయి. విదేశానికి ఎప్పుడూ సమగ్రమే తీసుకోవాలి. పరువు కోసమో ఎందుకో సంక్షిప్తం తీసుకెళ్తే, దాచిపెట్టిందేమిటా అని అవతలివాడికి అనుమానం మొదలవుతుంది.

కుటుంబ సంబంధ పత్రంలో తోబుట్టువులు కనిపించరు. అన్నదమ్ములని రుజువు చేయాలంటే తండ్రి పేరున గానీ తల్లి పేరున గానీ పత్రం తీయాలి. ఇది వారసత్వం దగ్గర ముల్లులా తగులుతుంది. 1963 నుంచి 1977 దాకా కొరియా నుంచి పశ్చిమ జర్మనీకి దాదాపు 8 వేలమంది బొగ్గుగని కార్మికులు, 10 వేలకు పైగా నర్సులు వెళ్లారు. కొరియా పేదరికంలో ఉన్న రోజులవి. వాళ్లు పంపిన జీతాల మీద ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. గల్ఫ్ డబ్బుతో పైకొచ్చిన కడప, కరీంనగర్ ఇళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. చాలామంది అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు వాళ్లది పోయే వయసు. అలాంటి నర్సమ్మ పిల్లల్లేకుండా జర్మనీలో కన్నుమూస్తే, సియోల్‌లో ఉన్న చెల్లెలు తాను చెల్లెలినేనని రుజువు చేసుకోవాలి. అప్పుడు పాత హోజు రిజిస్టరు నకలు తీయాలి. నిలువు వరుసలు, చైనా లిపి, చేతిరాత. సంవత్సరాలేమో మరో లోకం. 1945కు ముందు పుట్టినవాళ్లకు జపాను చక్రవర్తి పాలనా సంవత్సరాలు: షోవా 15 అంటే 1940. స్వతంత్రం వచ్చాక 1948 నుంచి 1961 చివరిదాకా కొరియా పురాణ పురుషుడు తాన్‌గున్ పేరున శకం వాడారు. దానిలోంచి 2333 తీసేస్తే మన లెక్క వస్తుంది. 4290లో పెళ్లి అని ఉంటే 1957 అన్నమాట. 4290 అనే అంకెను అలాగే జర్మన్‌లోకి ఎక్కిస్తే న్యాయస్థానంలో ఆ కాగితం గతి ఏమవుతుందో ఊహించుకోండి. అనువాదకుడు అంకె అలాగే ఉంచి, పక్కన బ్రాకెట్లో మన సంవత్సరం రాసి, ఇది నా వివరణ అని చెప్పాలి. అసలు అంకెను చెరిపేసి మార్చకూడదు.

ఇదంతా కొరియా జాతీయుల సంగతి. మనవాళ్లు ఆ రిజిస్టరులో అసలు ఉండరు. అది పౌరులకే. డేజాన్ ఆసుపత్రిలో తెలుగు బిడ్డ పుడితే చేతికి వచ్చేది ఆసుపత్రి ఇచ్చే జనన ధ్రువపత్రం ఒకటి. దాన్ని పట్టుకుని సియోల్‌లోని మన రాయబార కార్యాలయంలో ఏడాదిలోపు నమోదు చేయిస్తే వాళ్లు మన జనన సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఇస్తారు.

నేను పనిచేసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరు, పేర్లు వద్దు. భర్తకు జర్మనీలో ఉద్యోగం వచ్చి ముందు వెళ్లాడు. భార్య, అయిదు నెలల పాప డేజాన్ ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వచ్చారు, రెండు నెలల్లో వీసా వస్తుందన్న నమ్మకంతో. పాపకు భారత రాయబార కార్యాలయం ఇచ్చిన చక్కటి జనన సర్టిఫికెట్ ఉంది, ఇంగ్లీషులో, అశోక చిహ్నంతో. ఇంకేం కావాలి అనుకున్నారు. అవతలినుంచి జవాబు: పుట్టింది కొరియాలో కాబట్టి కొరియా పత్రం, దాని మీద అపోస్టిల్ కావాలి. ఈయన రాయబార కార్యాలయం కాగితం మీదే అపోస్టిల్ వేయించబోయాడు. కుదరదు. హేగ్ ఒప్పందం మొదటి అధికరణంలోనే ఉంది: దౌత్య కార్యాలయాలు ఇచ్చిన పత్రాలకు ఈ ఒప్పందం వర్తించదు. కొరియా వాళ్లూ వేయరు, మనవాళ్లు వేసినా జర్మనీలో పనికిరాదు.

సరే, ఆసుపత్రి కాగితం తీశారు. దానిలో బిడ్డ పేరు గడి ఖాళీ. పుట్టినరోజునే పేరెక్కడ పెడతాం? ఇరవై ఒకటో రోజు బారసాల దాకా మనం ఆగుతాం, ఆసుపత్రి ఆగదు. తల్లి పేరు ఉంది కానీ కొరియా లిపిలో మాత్రమే ఉంది. అంటే అపోస్టిల్‌కు పనికొచ్చే కాగితంలో పాప పేరు లేదు. పాప పేరున్న కాగితానికి అపోస్టిల్ రాదు. రెండు కాగితాల్లో చెరి సగం పాప ఉంది. ఆ రెండు సగాలూ ఒకే పాపవి అని చెప్పగలిగేది తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, ఊరు. ఆ తల్లి పేరే కలవలేదు.

ఎందుకు కలవలేదో చెప్పాలంటే కొరియా లిపి గురించి ఒక మాట చెప్పాలి. హంగుల్ అద్భుతమైన లిపి. ఒక్క పూటలో అక్షరాలు నేర్చుకోవచ్చు, పిల్లలూ మీరూ ప్రయత్నించండి. కానీ దానిలో 'వ'కారం ఇంగ్లీషు 'వి' లాగా పలకదు, 'బ' రాస్తారు. 'ఎఫ్' లేదు, 'ప' రాస్తారు. రెండు హల్లులు పక్కపక్కన వస్తే మధ్యలో ఒక పొట్టి అచ్చు దూర్చాలి. మన శ్రీనివాస్ అక్కడ సు-రి-ని-బా-సు అవుతాడు. పలకడానికి ఫరవాలేదు, ముద్దుగానే ఉంటుంది. చిక్కు అది తిరిగి ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేటప్పుడు. కొరియా ప్రభుత్వం 2000లో పెట్టిన నియమం ప్రకారం దాన్ని రాస్తే: ఎస్, ఈ, యు, ఆర్, ఐ, ఎన్, ఐ, బి, ఏ, ఎస్, ఈ, యు. పాస్‌పోర్టులో ఎనిమిది అక్షరాల శ్రీనివాస్ పన్నెండు అక్షరాల వేరే మనిషి అయిపోయాడు. వెంకట 'బెంకట' అవుతాడు. లక్ష్మి 'రక్స్యుమి' అవుతుంది. రాజు అనేవాడు మాత్రం ఏ దెబ్బా తగలకుండా అవతలికి చేరతాడు. నవ్వుతున్నారు గానీ, జర్మనీలో ఉన్న అనువాదకుడి చేతికి ఆ కొరియా కాగితం ఒక్కటే వెళ్తే, అతను నియమం ప్రకారం రాసేది ఇదే. అతని తప్పేమీ లేదు. అతనికి కాగితమే తెలుసు, మన లక్ష్మి తెలియదు.

దీనికి తోడు మన ఇంటిపేర్లు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత అనే పద్ధతిలో కొరియా వాళ్లూ మనమూ ఒకటే. ఆ సంగతి వాళ్లకు చెబితే చాలా సంతోషిస్తారు కూడా. కానీ వాళ్ల ఇంటిపేరు చాలామటుకు ఒక్క అక్షరం: కిమ్, పార్క్, చొయ్. మనది ఒక్కోసారి మనిషి పేరు కంటే పొడుగు. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి పెళ్లి తర్వాత మారినది, కొందరికి పుట్టింటిది. ఆసుపత్రి నర్సు తాను విన్నట్టు రాసుకుంటుంది. తొలిసారి ఒకలా, ప్రసవంనాడు ఇంకోలా. ఆ గుంటూరు అమ్మాయికి జరిగింది ఇదే. ఆసుపత్రి కాగితంలో ఇంటిపేరు, అసలు పేరు కలిపి ఒకే పదంగా ఉంది, పైగా చివరి అక్షరం లేదు.

కొరియా వాళ్లకు ఈ బాధ లేదనుకోకండి. వాళ్లలో రెండో పెద్ద ఇంటిపేరు ఒక్క అచ్చు, 'ఇ'. దాన్ని పాస్‌పోర్టులో ఒకరు లీ అని, ఒకరు యీ అని, ఒకరు రీ అని రాయించుకుంటారు. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కూ వేరుగా ఉంటే జర్మన్ గుమస్తా కళ్లజోడు సవరించుకుంటాడు. అక్కడ పాటించే సూత్రం ఒక్కటే: పాస్‌పోర్టులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉందో అదే పేరు. కాబట్టి అనువాదకుడికి కాగితంతోపాటు పాస్‌పోర్టు నకలు తప్పనిసరిగా ఇవ్వాలి, తల్లిది, తండ్రిది, బిడ్డది. అప్పుడతను పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాసి, చూపిన పాస్‌పోర్టు ప్రకారం అని కింద ఒక మాట చేర్చగలడు.

ఆ అమ్మాయి కాగితం ఎలా సరిచేశామంటారా? డేజాన్‌లో ఉన్న స్నేహితురాలికి అధికార పత్రం రాసి పంపింది, తన గుర్తింపు నకలు, అంగీకార పత్రం జతచేసి. రోగి కాగితాలు ఇంకొకరి చేతికి ఇవ్వాలంటే అక్కడ ఆ మూడూ కావాలి. ఆసుపత్రి కొత్త పత్రంలో కొరియా లిపి పేరు పక్కన పాస్‌పోర్టు పేరు కూడా రాసిచ్చింది. ఆసుపత్రిది ప్రైవేటు కాగితం కాబట్టి నేరుగా అపోస్టిల్ పడదు. ముందు నోటరీ. నోటరీ సంతకం మీద న్యాయశాఖ అపోస్టిల్. అదే ప్రభుత్వ పత్రమైతే ఒకప్పుడు విదేశాంగ శాఖ వేసేది, 2023 జూన్ నుంచి ప్రవాస కొరియన్ల కోసం పెట్టిన కొత్త సంస్థ వేస్తోంది. అన్నీ అయ్యి, పాప రెండు కాగితాలూ కలిపి పెట్టాక ఆ ఊరి కార్యాలయం అంగీకరించింది. ఇంకో ఊరి కార్యాలయం కూడా ఇలాగే అంగీకరిస్తుందని నేను హామీ ఇవ్వలేను. అందుకే ముందు ఈమెయిల్ రాసి, ఏ ఏ కాగితాలు, ఏ రూపంలో అని అడిగి, వాళ్ల జవాబు దాచుకోమంటాను. ఈ గొడవ తీరేసరికి పాపకు పదహారు నెలలు. తొలి అడుగులు వాళ్ల నాన్న ఫోనులో చూశాడు.

డేజాన్‌లో ఉండగా ఆసుపత్రికి వెళ్లి ఆ మాట అడిగి ఉంటే ఒక్క పూట పని. మీ పిల్లలు అక్కడ ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి. ఆసుపత్రి కాగితం, విశ్వవిద్యాలయం కాగితం, ఉద్యోగ అనుభవ పత్రం, అన్నింటిలో పేరు పాస్‌పోర్టు అక్షరాల్లో ఉందో లేదో కొరియా విడిచే ముందే చూసుకోవాలి.

ఇక అనువాదం. ఎక్కువ అపోహలున్నది దీనిమీదే. కొరియాలో అనువాదానికి నోటరీ చేయిస్తారు. నోటరీ ముద్ర పడింది కాబట్టి అనువాదం సరైనదని అందరూ అనుకుంటారు. కాదు. మళ్లీ మీ చెక్కు దగ్గరికే రండి. ఇది అసలుకు సరిపోతుందని అనువాదకుడు తన ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాడని నోటరీ చెబుతాడు. జర్మన్ వచ్చా రాదా అని నోటరీని ఎవరూ అడగరు.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడ ప్రభుత్వ కార్యాలయాల భాష జర్మన్ అని చట్టంలోనే ఉంది. కొన్ని ఊళ్లలో ఇంగ్లీషు కాగితం తీసుకుంటారు, పౌర నమోదు దగ్గర చాలావరకు తీసుకోరు. అనువాదం చేయాల్సింది అక్కడి రాష్ట్ర న్యాయస్థానంలో ప్రమాణం చేసిన అనువాదకుడు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో హోదా పేరు, కంగారు పడక్కర్లేదు, పని ఒకటే. ఆ అనువాదకుల జాబితా న్యాయశాఖల వెబ్‌సైటులో భాష పేరుతో వెతికితే దొరుకుతుంది. ఆయన చివర తన ముద్ర వేసి, ఇది పూర్తిగా, సరిగా ఉందని తానే పూచీ పడతాడు. పూచీకత్తు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి వరుస ఇది: ముందు కొరియా కాగితం మీద అపోస్టిల్, ఆ తర్వాతే జర్మన్ అనువాదం. తిరగేసి చేస్తే అపోస్టిల్ చీటీ అనువాదం కాకుండా మిగిలిపోతుంది. మంచి అనువాదకుడు కాగితంలో ఉన్నదంతా చెబుతాడు. ఎర్రటి గుండ్రటి ముద్ర ఎక్కడుంది, దాని మీద ఏం రాసుంది, ఎక్కడ చేతిరాత, ఎక్కడ కొట్టివేత, అన్నీ. రెండు పేజీల నడుమ సగం ఇటు సగం అటు పడేలా కొరియా నోటరీలు ఒక ముద్ర వేస్తారు, మధ్యలో పేజీ మార్చలేదని గుర్తుగా. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజుల్లాంటి జాగ్రత్తే. అందుకే ఆ పిన్ను తీయకూడదు. జిరాక్సు బాగా రావాలని పిన్ను తీసి, మళ్లీ పెట్టినవాళ్లను చూశాను. చిల్లులు రెండు జతలు కనబడతాయి. కాగితం చెల్లదన్నా అనరు గానీ, చూసేవాడి మనసులో పురుగు దూరుతుంది.

ఫోనులో అనువాదం అయిపోతోంది కదా అంటారు పిల్లలు. అవుతోంది, నేనూ వాడతాను, అర్థం తెలుసుకోవడానికి. కానీ ఒకే కాగితంలో ఒకే మనిషి పేరును మొదటి పేజీలో ఒకలా, మూడో పేజీలో ఇంకోలా రాసిన యంత్రాన్ని నేను చూశాను. దానికి పూచీ ఎవరు? సంతకం ఎవరిది?

ముద్రల మాట వచ్చింది కాబట్టి బ్యాంకు వాళ్లకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. కొరియాలో పెద్ద వ్యవహారాలకు సంతకం కంటే వ్యక్తిగత ముద్రకు విలువ ఎక్కువ. పేరు చెక్కిన చిన్న ముద్రను ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించి, ఇది ఫలానావారి ముద్రే అన్న పత్రం తీసుకుంటారు. ఇంగామ్ అంటారు. 1914లో, జపాను పాలనలో వచ్చిన పద్ధతి. 2012 డిసెంబరు నుంచి దాని బదులు సంతకాన్ని ధ్రువీకరించే పత్రం కూడా ఇస్తున్నారు. అధికార పత్రం ఇచ్చేటప్పుడు ఈ రెండింట్లో ఒకటి అడుగుతారు. జర్మన్ అనువాదకుడు దీన్ని ఊరికే 'స్టాంపు' అని రాస్తే విలువ తెలియదు. నమోదైన వ్యక్తిగత ముద్ర అని విడమరిచి రాయించుకోండి.

నేను మాట్లాడటం మొదలుపెట్టకముందే చీటీ మీద ఒకరు అడిగారు, ఖర్చెంత అని. కొరియాలో అపోస్టిల్ రుసుము కాగితానికి వెయ్యి వన్లు, మన డబ్బులో వంద రూపాయలు కూడా కాదు. ఖర్చంతా నోటరీకి, కొరియర్‌కు, అన్నిటికంటే జర్మన్ అనువాదానికి. అక్కడ న్యాయస్థానాల లెక్కలో అనువాదం వరుసల చొప్పున, 55 అక్షరాలకు ఒక వరుస. బయటి గిరాకీకి బేరం ఉంటుంది, పేజీ చొప్పునా చెబుతారు. ముందే అడగండి. రెండో ప్రశ్న, అపోస్టిల్‌కు గడువుందా అని. ఒప్పందంలో గడువు లేదు. కానీ కింద ఉన్న కాగితం పాతదైతే చాలా కార్యాలయాలు కొత్తది తెమ్మంటాయి, ముఖ్యంగా పెళ్లి విషయంలో. మరీ ముందుగా తీసి బీరువాలో పెట్టుకోవద్దు.

ఇక్కడ ముగ్గురు కాగితాలు తెచ్చుకున్నారని చెప్పారు. భోజనాలయ్యాక పక్క గదిలో కూర్చుంటాను. పాస్‌పోర్టు నకళ్లు కూడా పట్టుకురండి. పిన్నులు మాత్రం తీయకుండా తీసుకురండి.